విదేశాల్లో చదువుకుంటూ ఆర్ట్ మ్యూజియంలు చూడాలంటే: టికెట్లు, సెలవు రోజులు, బ్యాగులు, బొమ్మలు

అడయార్_సింధు
అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి జర్మనీ వెళ్తున్నాను. వయసు 22. చలికాలం సెమిస్టర్ అయిపోయాక మార్చిలో సెలవులుంటాయి కదా, అప్పుడు పారిస్, మాడ్రిడ్, కుదిరితే లండన్ చూడాలని ఉంది. ముఖ్యంగా చిత్రాలు, శిల్పాలు. టికెట్ల దగ్గరే తల తిరుగుతోంది: ఒక సైట్‌లో విద్యార్థులకు ఉచితం అని ఉంటుంది, ఇంకో సైట్‌లో 32 యూరోలు అని ఉంటుంది. పారిస్ మ్యూజియం పాస్ కొనమని కొందరు, వద్దని కొందరు. ఇంకో సంగతి, ఇంకా చెన్నైలోనే ఉన్నాను కాబట్టి వెళ్లేలోపు ఇక్కడ చేసుకోవాల్సిన పనులేమైనా ఉంటే చెప్పండి.

గిండీ_రఘు
సింధు గారూ, ధరలు తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది, ఆ కౌంటర్ దగ్గర మీరు ఏ లెక్కలోకి వస్తారన్నది. పౌరసత్వం, నివాసం, వయసు, విద్యార్థి కార్డు: ఈ నాలుగింటిలో ఒక్కో మ్యూజియం ఒక్కోటి చూస్తుంది. సైట్లలో మీకు కనిపించిన తేడా అక్కడిదే.

పారిస్ లూవ్ర్ మ్యూజియంలో 2026 జనవరి 14 నుంచి యూరోపియన్ ఎకనమిక్ ఏరియా (యూరోపియన్ యూనియన్ దేశాలు, మరో మూడు) బయటివాళ్లకు 32 యూరోలు, లోపలివాళ్లకు 22. కానీ ఆ ఏరియాలో నివాసం ఉన్న 26 ఏళ్లలోపు వాళ్లకు ఉచితం. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నా సరే, జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మీరు నివాసి కిందికే వస్తారు. అక్కడి ఓర్సే, ఒరాంజరీ మ్యూజియంలకూ ఇదే పద్ధతి. టూరిస్టు షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) మీద వచ్చేవాళ్లకు ఇది వర్తించదు, వాళ్లు చెన్నైలో ఏ కాలేజీ విద్యార్థులైనా సరే.

పర్మిట్ కార్డు చేతికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకని జర్మనీలో దిగగానే అడ్రస్ రిజిస్ట్రేషన్, ఆ వెంటనే పర్మిట్ అపాయింట్‌మెంట్ చూసుకోండి. పారిస్ వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ ఒరిజినల్స్ దగ్గరుంచుకోండి. జెరాక్స్ నమ్ముకోవద్దు, ఫోన్‌లో ఫోటో అంతకన్నా నమ్ముకోవద్దు.

ఉచితం అన్నారు కదా అని నేరుగా వెళ్లిపోకండి. లూవ్ర్‌కి సున్నా యూరోల టికెట్ కూడా టైమ్ స్లాట్‌తో ముందే బుక్ చేసుకోవాలి.

తరమణి_వినయ్
పాస్ సంగతి నేను చెప్తాను. పారిస్ మ్యూజియం పాస్ అంటే చాలా మ్యూజియంలకు కలిపి ఒకే టికెట్, 2, 4, 6 రోజులకు దొరుకుతుంది. మొదటి మ్యూజియంలో స్కాన్ అయిన నిమిషం నుంచి 48, 96, 144 గంటలు వరుసగా లెక్క. 2 రోజుల పాస్ మధ్యాహ్నం 3కి మొదలుపెడితే ఎల్లుండి మధ్యాహ్నం 3కి అయిపోతుంది. పాస్ ఉన్నంత మాత్రాన వరస తప్పదు. లూవ్ర్, ఒరాంజరీ, సాంత్ షాపెల్ చర్చికి స్లాట్ విడిగా తీసుకోవాల్సిందే. స్లాట్లు అయిపోయాయంటే పాస్ ఉన్నా లోపలికి పోలేరు.

సింధు గారి విషయంలో పాస్ దండగ. లూవ్ర్, ఓర్సే, ఒరాంజరీ, వెర్సై రాజభవనం, సాంత్ షాపెల్ అన్నీ 26 లోపు నివాసులకు ఉచితం. పైగా పెతీ పలే, కార్నవలే లాంటి పారిస్ నగరపాలక మ్యూజియంల శాశ్వత సేకరణ ఎవరికైనా ఉచితమే. ఇంటి నుంచి అమ్మానాన్నలో, అక్కో టూరిస్టు వీసా మీద మీతో కలిస్తే మాత్రం వాళ్ల పాస్ లెక్క విడిగా వేయండి. వాళ్లు నిజంగా వెళ్లే చోట్ల టికెట్లు కూడి, పాస్ ధరతో పోల్చి చూడాలి. రోజుకు రెండుకు మించి పెద్ద మ్యూజియంలు ఎవరి కాళ్లూ మోయవు కాబట్టి ఆ కూడిక రెండింటి దగ్గరే ఆపండి.

ఆధునిక కళల పాంపిడూ సెంటర్‌ని ప్లాన్‌లో పెట్టకండి. మరమ్మతుల కోసం 2025లో మూసేశారు, 2030 దాకా తెరవరు.

పెరంబూర్_సుబ్బారావు
అమ్మాయ్, వెళ్లేలోపు ఇక్కడ చేయాల్సిన పని ఒకటుంది. ఎగ్మోర్‌లో, పాంథియన్ రోడ్డు మీద గవర్నమెంట్ మ్యూజియం. 1851 నాటిది. శుక్రవారం సెలవు, మిగతా ఏ రోజైనా ఉదయమే వెళ్లు. అక్కడి అమరావతి గ్యాలరీ చూడకుండా లండన్ వెళ్తే సగం కథే చూసినట్టు.

అమరావతి స్తూపం రాళ్లను 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మొదట చూశాడు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి కొన్నిటిని మద్రాసు తెచ్చాడు. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ పోయి, చివరికి 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో చాలా వరకు ఇక్కడ, మన ఎగ్మోర్‌లో ఉన్నాయి. ఒకే స్తూపం, ఒకే పల్నాటి సున్నపురాయి, రెండు ఊళ్లు. అందుకే రెండూ ఒక వరసలో చూడాలి.

ఎగ్మోర్‌లో నాలాగిరి ఏనుగు కథ చెక్కిన రాతి పతకం ఉంటుంది, గుండ్రటిది. దాని ముందు కనీసం పది నిమిషాలు నిలబడు. ఎడమవైపు ఏనుగు మదమెక్కి వీధిలో పడింది. జనం చెదిరిపోతున్నారు. ఒకామె భయంతో వెనక్కి తూలి పక్కనున్నవాణ్ణి పట్టుకుంది. పైన మేడ కిటికీల్లోంచి తలలు తొంగిచూస్తున్నాయి. అదే ఏనుగు కుడివైపు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వాలి ఉంది. ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ ఒకే చట్రంలో, మధ్యలో గీత కూడా లేకుండా చెక్కేశాడు శిల్పి. ఆ కన్ను అలవాటైతే, రేపు యూరప్ చర్చి చిత్రాల్లో ఒకే సాధువు ఒకే పటంలో మూడుసార్లు కనిపించినా నీకు తికమక ఉండదు.

అడయార్_సింధు
బాబాయ్ గారూ, బోలెడు థ్యాంక్స్. ఈ శనివారమే వెళ్తాను. లండన్‌లో ఏ గదిలో వెతకాలి?

పెరంబూర్_సుబ్బారావు
33ఏ. దక్షిణాసియా, చైనా వస్తువులున్న పొడుగాటి 33వ గదికి ఆనుకుని, అద్దాల వెనక ఉంటుంది. లోపల రెండువైపులా చెక్కిన పలక ఒకటుంది, తప్పకుండా చూడు. ఒకవైపు క్రీస్తు పూర్వపు పని: బోధివృక్షం, ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుడి రూపమే లేదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు స్తూపాన్ని మొత్తంగా చెక్కారు. అమరావతి స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించడానికి అలాంటి పలకలే ఆధారం. ప్రాకారం, సింహాలు, వాకిలి దగ్గర వరసగా అయిదు స్తంభాలు ఒక్కొక్కటీ వెతుక్కో.

పారిస్‌లో గీమే మ్యూజియంలోనూ మన కృష్ణా లోయ శిల్పాలు కొన్ని ఉన్నాయి. అక్కడ మంగళవారం సెలవు.

గిండీ_రఘు
లండన్ అన్నారు కాబట్టి ఒక మాట. జర్మనీ పర్మిట్‌తో షెంగెన్ దేశాలన్నీ తిరగొచ్చు, 180 రోజుల్లో 90 రోజుల దాకా. బ్రిటన్ షెంగెన్‌లో లేదు, విజిటర్ వీసా విడిగా కావాలి. మార్చి ప్రయాణమైతే డిసెంబర్‌లోనే దరఖాస్తు చేయండి. వీసా ప్రాసెసింగ్‌లో పాస్‌పోర్టు మీ దగ్గర ఉండకపోవచ్చు, కాబట్టి ఆ వారాల్లో వేరే దేశం టికెట్లు పెట్టుకోకండి.

వీసా ఖర్చు ఉన్నా, లోపల మ్యూజియంల ఖర్చు దాదాపు లేదు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, రెండు టేట్ మ్యూజియంలు, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, వీటి శాశ్వత సేకరణ ఏ దేశం వాళ్లకైనా ఉచితం. శుక్రవారం నేషనల్ గ్యాలరీ రాత్రి 9 దాకా, బ్రిటిష్ మ్యూజియం 8:30 దాకా. పగలు స్కూలు పిల్లల గుంపులు ఉంటాయి కాబట్టి ఆ సాయంత్రాలే మేలు. ప్రత్యేక ప్రదర్శనలకు డబ్బు కట్టాలి. టేట్‌లో 16 నుంచి 25 ఏళ్లవాళ్లు టేట్ కలెక్టివ్‌లో ఉచితంగా చేరితే ప్రదర్శన టికెట్ 5 పౌండ్లే. ఏ దేశం వాళ్లైనా చేరొచ్చు.

నుంగంబాక్కం_ఫణి
మాడ్రిడ్ గురించి. ప్రాడో మ్యూజియంలో 18 నుంచి 25 ఏళ్ల విద్యార్థులకు ఉచితం, ఏ దేశం కార్డైనా చెల్లుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది సాయంత్రం ఉచిత వేళకే వెళ్తారు. ఆ వేళ సోమవారం నుంచి శనివారం దాకా 6 నుంచి 8, ఆదివారం 5 నుంచి 7. బయట క్యూ భవనం చుట్టూ తిరుగుతుంది, లోపలికి పోయేసరికి గంటో గంటన్నరో మిగులుతుంది. సింధు, నువ్వు యూనివర్సిటీ కార్డు చూపించి ఉదయం 10కే ఉచితంగా వెళ్లొచ్చు. కార్డు మీద ఫోటో, చెల్లుబాటు తేదీ ఉండాలి. జర్మనీలో కొన్ని యూనివర్సిటీల కార్డుల మీద తేదీ సెమిస్టర్‌కోసారి మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి. అది మర్చిపోతే కార్డు చెల్లదంటారు.

లోపల ఫోటోలు తీయనివ్వరు. ఫోన్ జేబులో పెట్టేయి, అదే మేలు. పన్నెండో గదిలో వెలాస్కెజ్ గీసిన లాస్ మెనీనాస్ చిత్రం, 1656. ముందు గది అవతలి చివర నిలబడి చూడు, అంతా నిజంగా ఆ గదిలోనే జరుగుతున్నట్టు ఉంటుంది. తర్వాత దగ్గరికి నడువు. రాకుమారి గౌను మీది లేసు, చేతి రిబ్బన్ కరిగిపోయి వట్టి కుంచె గీతలుగా మారిపోతాయి. ఏ అడుగు దగ్గర బట్ట రంగుగా మారిందో వెనక్కీ ముందుకీ నడిచి పట్టుకో. ఆ పరీక్ష పుస్తకంలోనో ఫోన్‌లోనో చేయలేం, అక్కడే చేయాలి. గోయా నల్ల చిత్రాలు కింది అంతస్తులో ఉంటాయి, వాటిని చివరికి పెట్టుకో. అవి చూశాక వేరే బొమ్మ మీద మనసు నిలవదు.

రైనా సోఫియా మ్యూజియంలో పికాసో గీసిన గెర్నికా ఉంది. మంగళవారం సెలవు. సోమవారం, బుధవారం నుంచి శనివారం దాకా రాత్రి 7 నుంచి 9, ఆదివారం 12:30 నుంచి 2:30 ఉచితం. గెర్నికా ఫోటో తీసుకోవడానికి 2023 నుంచి అనుమతి ఉంది, ఫ్లాష్ లేకుండా.

కొళత్తూర్_కిరణ్
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను ఆగస్టులో న్యూజెర్సీ వెళ్తున్నాను. అమెరికాలో ఈ నివాసం లెక్కలు ఎలా ఉంటాయి?

తరమణి_వినయ్
కిరణ్, నీ పంట పండింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం (మెట్)లో బయటివాళ్లకు 30 డాలర్లు, విద్యార్థులకు 17. కానీ న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్‌లలో చదివే విద్యార్థులు తమకు తోచినంత ఇవ్వొచ్చు. యూనివర్సిటీ కార్డు చాలు. మెట్‌కి బుధవారం సెలవు, శుక్ర శనివారాలు రాత్రి 9 దాకా ఉంటుంది. వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, స్మిత్‌సోనియన్ మ్యూజియంలు అందరికీ ఉచితం. లాస్ ఏంజెలెస్ గెట్టీ సెంటర్ కూడా ఉచితమే, టైమ్ స్లాట్ తీసుకోవాలి, కారు పార్కింగ్‌కి మాత్రం డబ్బు.

అక్కడ బ్యాంక్ ఆఫ్ అమెరికాలో ఖాతా తెరిస్తే, ప్రతి నెలా శని ఆదివారాలు రెండూ కలిసి వచ్చే మొదటి వారాంతంలో కొన్ని మ్యూజియంలకు ఆ డెబిట్ కార్డే టికెట్. కార్డు ఉన్న మనిషికే, ఫోటో గుర్తింపు చూపాలి, ప్రత్యేక ప్రదర్శనలకు చెల్లదు. పాల్గొనే మ్యూజియంల జాబితా మారుతుంటుంది, బ్యాంకు సైట్‌లో చూసుకో.

ఇక కార్డుల గురించి, ఇది ఇద్దరికీ. 2020 నుంచి మన బ్యాంకు కార్డులు ఇంటర్నేషనల్ లావాదేవీలకు మూసే వస్తాయి, మనమే యాప్‌లో తెరవాలి. ఆన్‌లైన్ వాడకం, మెషీన్ దగ్గర ట్యాప్ వాడకం, ఏటీఎం, ఒక్కోదానికి ఒక్కో మీట ఉంటుంది. ఆన్‌లైన్‌ది మర్చిపోతే మ్యూజియం సైట్ చివరి పేజీ దాకా తీసుకెళ్లి అక్కడ తిరగ్గొడుతుంది, ఈలోగా స్లాట్ పోతుంది. రెండో ఆటంకం ఓటీపీ. అది చెన్నై నంబర్‌కి వస్తుంది, ఆ సిమ్‌కి రోమింగ్ లేకపోతే రాదు. విమానం ఎక్కకముందే రోమింగ్ ఆన్ చేయించి, సిమ్‌ని ఫోన్‌లోని రెండో స్లాట్‌లో ఉంచుకోండి. మార్చి నాటికి సింధు గారికి జర్మన్ ఖాతా ఉంటుంది, దాని కార్డే వాడితే ఈ గొడవే ఉండదు. కౌంటర్ మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలు నొక్కండి. రూపాయలు నొక్కితే ఆ మెషీన్ వాడి మారకం రేటు పడుతుంది, అది ఎప్పుడూ ఎక్కువే.

సర్చ్‌లో పైన వచ్చే టికెట్ సైట్లు చాలా వరకు దళారులవి. ఉచిత టికెట్‌కి కూడా వాళ్లు డబ్బు తీసుకుంటారు. మ్యూజియం సొంత సైట్ తెరిచి, అందులోని టికెట్ల లింకు నుంచే కొనండి.

మైలాపూర్_శారద
బ్యాగుల గురించి ఎవరూ రాయలేదు, గుమ్మం దగ్గర ఆపేది అక్కడే. లూవ్ర్‌లో 55 × 35 × 20 సెంటీమీటర్లు దాటిన సామాను లోపలికి రానివ్వరు. క్లోక్‌రూమ్‌లోనూ తీసుకోరు. కాబట్టి ఊరు మారే రోజున సూట్‌కేసుతో మ్యూజియంకి వెళ్లే ప్లాన్ పెట్టుకోవద్దు, స్టేషన్ లాకర్‌లో పెట్టి వెళ్లాలి. చిన్న బ్యాక్‌ప్యాక్ అయితే చాలాచోట్ల ఛాతీ వైపు వేసుకోమంటారు, లేదా చేత్తో పట్టుకోమంటారు. వీపున బ్యాగు ఉన్న మనిషి వెనక్కి తిరిగినప్పుడు ఎంత చోటు పడుతుందో తనకు తెలియదు, చిత్రం చట్రానికి తగిలేది అప్పుడే. జర్మనీ లాకర్లకు 1 యూరో లేదా 2 యూరోల నాణెం కావాలి, తెరిచినప్పుడు తిరిగి వస్తుంది. రెండు రకాలూ ఒక్కోటి పర్సులో పెట్టుకో. సెల్ఫీ స్టిక్, ట్రైపాడ్, జేబు కత్తి వద్దు. పులిహోర డబ్బా తీసుకెళ్లొచ్చు, గ్యాలరీలో తెరవకూడదంతే. లూవ్ర్ పక్కనే త్యూలరీ తోటలో కూర్చుని తినొచ్చు.

ఫ్లాష్ ఎందుకు వద్దంటారో తెలిస్తే ఆ నియమం భారంగా ఉండదు. రంగు, కాగితం, బట్ట వెలుతురుకు పాడవుతాయి. ఆ నష్టం కూడుతూ పోతుంది, వెనక్కి రాదు. అందుకే కాగితం మీది పనులకు, బట్టలకు సుమారు 50 లక్స్ (వెలుతురు కొలత), తైలవర్ణాలకు 200 లక్స్ దగ్గర దీపాలు పెడతారు. సూక్ష్మచిత్రాల గది చీకటిగా ఉందని విసుక్కోకు. గుమ్మం దగ్గర రెండు మూడు నిమిషాలు నిలబడితే కళ్లు సర్దుకుంటాయి, అప్పుడు రంగులు విచ్చుకుంటాయి. బయటి ఎండలోంచి వచ్చి నేరుగా గాజు పెట్టె దగ్గరికి వెళ్తే నల్లగానే కనిపిస్తుంది. ఇలాంటి పనులను కొన్ని నెలలు చూపించి తర్వాత లోపల పెట్టేస్తారు. ఒక ఫలానా చిత్రం కోసమే వెళ్తుంటే, మ్యూజియం సైట్‌లో దాని పేజీ తెరిచి ‘ప్రదర్శనలో ఉంది’ అన్న గుర్తు, గది నంబరు చూసుకో. ఆ వారంలో ఇంకోసారి చూసుకో, అరువు మీద వేరే ఊరు వెళ్లిపోవచ్చు.

అన్నానగర్_లత
శారదక్కా, బట్టల మాట ఎత్తారు కాబట్టి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో కోరమాండల్ తీరపు కలంకారీ అద్దకాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గోడ మీద ఉండవు, అక్క చెప్పిన వెలుతురు కారణంగానే. వాటిని దగ్గరగా చూసే దారి ఉంది. 2025లో తూర్పు లండన్‌లో వాళ్ల స్టోర్‌హౌస్ తెరిచారు. మనకు కావలసిన వస్తువులు అయిదు దాకా ఆన్‌లైన్‌లో ఎంచుకుని, కనీసం రెండు వారాల ముందు బుక్ చేసుకుంటే బల్ల మీద పెట్టి చూపిస్తారు. రుసుము లేదు.

ఎంచుకునే పద్ధతి: వాళ్ల సేకరణ సైట్‌లో మచిలీపట్నం, కోరమాండల్ కోస్ట్ అని ఇంగ్లిష్‌లో వెతకండి. మచిలీపట్నానికి పాత స్పెల్లింగులూ ప్రయత్నించండి. దొరికినవాటి నంబర్లు రాసుకుని బుకింగ్‌లో ఇవ్వాలి. అన్నీ ఒకే తరహావి తీసుకోకండి. ఒకటి యూరప్ మార్కెట్‌కి చేసింది, ఒకటి ఆగ్నేయాసియాకి పంపింది, ఒకటి గుడి తెర, ఇలా పెట్టుకుంటే ఒకే అద్దకం పని ఎవరి కోసం ఎలా మారిందో పక్కపక్కనే కనబడుతుంది. బట్ట వెనకవైపు కూడా చూడాలనుంటే అక్కడి సిబ్బందిని అడగండి, మనం తిప్పకూడదు. కలంతో గీసిన గీత మొదట్లో లావుగా మొదలై రంగు అయిపోతుంటే సన్నబడుతుంది. మళ్లీ కలం ముంచిన చోట చిన్న బొట్టు ఉంటుంది. అచ్చు వేసిన గీతలో ఆ హెచ్చుతగ్గులుండవు. భూతద్దం అక్కర్లేదు, మామూలు కంటికే తెలుస్తుంది.

నుంగంబాక్కం_ఫణి
గీసుకునేవాళ్లకు: పెన్సిల్, చిన్న పుస్తకం ఉంటే లూవ్ర్‌లోనూ లండన్ నేషనల్ గ్యాలరీలోనూ మామూలుగా ఏమీ అనరు. ఇంకు పెన్ను, నీటిరంగులు, బొగ్గుపొడి రాలే చార్‌కోల్ వద్దు. 2బీ పెన్సిళ్లు రెండు, మూత ఉన్న చెక్కుడు మర, పిండి రబ్బరు చాలు. రబ్బరు పొట్టు నేల మీద పడకూడదు. దారికి అడ్డంగా కూర్చోవద్దు. ఈజిల్ పెట్టి రంగులతో కాపీ చేయాలంటే లూవ్ర్‌లో ముందే అనుమతి తీసుకోవాలి, కాపీ కొలత అసలు కన్నా కనీసం అయిదో వంతు పెద్దగానో చిన్నగానో ఉండాలి.

ఫోటోలు తీసేవాళ్లు చిత్రం తర్వాత వెంటనే దాని పక్కనున్న చీటీ కూడా తీయండి. ఊరికి వచ్చాక ఏది ఎవరిదో వెతుక్కునే పని తప్పుతుంది.

అడయార్_సింధు
ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. ఒక సందేహం: లూవ్ర్‌లో మోనాలిసా చూడటం అవసరమా? గుంపులో ఏమీ కనబడదని అంటున్నారు.

నుంగంబాక్కం_ఫణి
నా మాటగా చెప్తాను, ఒప్పుకోనివాళ్లు ఉంటారు. బొమ్మ 77 × 53 సెంటీమీటర్లు, గాజు వెనక ఉంటుంది, బారికేడు దగ్గర ఒక నిమిషం కూడా నిలవనివ్వరు. ఆ నిమిషం కోసం అరగంట వరసలో నిలబడటం కన్నా, అదే గదిలో దాని ఎదురు గోడ చూడు. వెరొనేజే గీసిన, బైబిల్ కథలోని కానా పెళ్లి విందు, 6.77 × 9.94 మీటర్లు. 1797లో నెపోలియన్ సైన్యం వెనిస్ మఠం భోజనశాల గోడ నుంచి తెచ్చింది. నూటికి పైగా మనుషులున్న విందు అది. అక్కడ గుంపంతా దానికి వీపు పెట్టి నిలబడుతుంది, కాబట్టి నీకు చోటే చోటు.

పెరంబూర్_సుబ్బారావు
ఫణిగారూ, నేను ఒప్పుకోను. అంత దూరం వెళ్లిన పిల్ల మోనాలిసా చూడకుండా వస్తే ఇంట్లో అమ్మమ్మకు ఏం చెప్తుంది? తొమ్మిదింటి మొదటి స్లాట్ తీసుకుని నేరుగా డెనాన్ అనే భాగంలోని ఆ గదికే వెళ్తే గుంపు చేరకముందే చూసేయొచ్చు. ఆ తర్వాత రిషెల్యూ అనే ఇంకో భాగంలో రెండో అంతస్తుకి పో. అక్కడ ఎప్పుడూ పల్చగానే ఉంటారు. రూబెన్స్ ఫ్రాన్స్ రాణి మరీ డి మెడిచి కోసం గీసిన 24 పెద్ద చిత్రాలు, రెంబ్రాంట్‌లు, అరచేతికి కాస్త పెద్దగా 24 సెంటీమీటర్ల ఎత్తున్న, వెర్మీర్ గీసిన ‘లేసు అల్లే అమ్మాయి’. ఆ చిన్నదాని దగ్గర ఎర్ర దారం పోగు చూడు, రంగు ఒలికినట్టే పెట్టాడు.

గిండీ_రఘు
ఇద్దరి మాటా కుదురుతుంది, రెండూ ఒకే గది కదా. ఒక్క జాగ్రత్త: లూవ్ర్‌లో ఏయే రోజు ఏయే గదులు మూసి ఉంటాయో సైట్‌లో పెడతారు. రిషెల్యూ రెండో అంతస్తు తెరిచి ఉందో లేదో ముందురోజు చూసుకోండి. బుధ, శుక్రవారాలు రాత్రి 9 దాకా ఉంటుంది, 7 తర్వాత గుంపు తగ్గుతుంది.

అన్నానగర్_లత
ఇటలీ ఎవరూ అడగలేదు గానీ సెలవుల్లో అటు దారి మళ్లేవాళ్లుంటారు. అక్కడ 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు 2 యూరోల టికెట్ పౌరసత్వం చూసి ఇస్తారు, జర్మనీ పర్మిట్ పనికిరాదు. ప్రభుత్వ మ్యూజియంలు నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితం. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూత, నెలలో చివరి ఆదివారం మాత్రం ఉదయం 9 నుంచి ఉచితంగా తెరుస్తారు, 12:30 దాటితే రానివ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, ఒక చున్నీ బ్యాగులో ఉంటే చాలు. రోమ్ బోర్గీజ్ గ్యాలరీకి బుకింగ్ లేకుండా ప్రవేశం లేదు, రెండు గంటలు కాగానే అందర్నీ బయటికి పంపేస్తారు. మిలాన్‌లో లియొనార్డో గీసిన ‘చివరి విందు’ చిత్రం చూడటానికి ఇచ్చేది 15 నిమిషాలు, టికెట్లు నెలల ముందే అయిపోతాయి.

అడయార్_సింధు
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇప్పటికి ఇలా వేసుకున్నాను, తప్పులుంటే సరిచేయండి. పారిస్: ఆదివారం సాయంత్రం చేరడం, సోమవారం ఉదయం ఓర్సే, మధ్యాహ్నం ఒరాంజరీ. మంగళవారం గీమే. బుధవారం ఉదయం 9కి లూవ్ర్. గురువారం పెతీ పలే, శుక్రవారం విమానంలో మాడ్రిడ్. శనివారం ఉదయం ప్రాడో, రాత్రి 7కి గెర్నికా. లండన్ వీసా వచ్చాక చూస్తాను.

గిండీ_రఘు
మాడ్రిడ్ బాగుంది. పారిస్‌లో రెండు మార్చాలి. ఓర్సేకి సోమవారం సెలవు, గీమేకి మంగళవారం సెలవు. ఈ రెండూ మీ వరసలో సరిగ్గా ఆ రోజులమీదే పడ్డాయి. సోమవారం ఉదయం గీమే, మధ్యాహ్నం ఒరాంజరీ పెట్టుకోండి. ఒరాంజరీలో మోనే కలువలు రెండు అండాకారపు గదుల్లో 8 పెద్ద చిత్రాలుగా ఉంటాయి, పైకప్పు నుంచి పగటి వెలుతురు పడుతుంది కాబట్టి చీకటి పడకముందే చూడాలి. సోమవారం మూసి ఉండే పెతీ పలేని మంగళవారానికి జరపండి. ఓర్సే గురువారం రాత్రి 9:45 దాకా ఉంటుంది, సాయంత్రం 5కి వెళ్లి ముందు అయిదో అంతస్తులో ఇంప్రెషనిస్టుల దగ్గరికి ఎక్కి, అక్కడి నుంచి కిందికి దిగుతూ రండి. సున్నా యూరోల స్లాట్లు అన్నీ ఫిబ్రవరి మొదట్లోనే తీసేసుకోండి.